పద్నాలుగో షేడు

స్వర్ణశిఖర అపార్టుమెంట్లలో ఇల్లు కొన్నవాళ్లెవరూ ఇల్లు చూసి కొనలేదు. అప్పటికి అక్కడ ఇల్లు లేదు, గొయ్యి ఉంది. గొయ్యి పక్కన హోర్డింగు ఉంది. హోర్డింగు మీద పసుపుపచ్చ జుట్టు దొరసాని ఒకావిడ గాజు గిన్నెలో ఆకులూ అలములూ పెట్టుకుని, వాటిని చూసి విరగబడి నవ్వుతూ ఉండేది. ఆవిడ వెనక తెల్లటి మొగుడు, తెల్లటి పిల్లలు, తెల్లటి కుక్క. ఆకులు చూస్తే అంత నవ్వు ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. అంత నవ్వు వచ్చే చోట మనమూ ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నారు. అనుకుని, సగం జీవితానికి సరిపడా అప్పు చేశారు.

జొన్నాదుల నరహరి కూడా అలాగే కొన్నాడు. మంగళగిరి మనిషి. హైదరాబాదులో ఎరువుల కంపెనీలో లెక్కలు రాస్తాడు. పొద్దున్నే స్నానం చేసి, నరసింహస్వామి పటం ముందు ఇంత పానకం పెట్టి దణ్ణం పెట్టుకుంటే గాని కాఫీ తాగడు. జీతంలో సగం బ్యాంకు వాయిదాకు పోయినా మిగతా సగంతో బతికేయవచ్చని కాగితం మీద వేసి చూసుకునే దిగాడు. ఆ తరవాత వడ్డీ పెరిగింది. సగం కాస్తా ముప్పాతిక అయింది. మిగిలిన పాతికలో పాప వకుళ స్కూలు ఫీజు, పాలు, కూరలు, అపార్టుమెంటు మెయింటెనెన్సు. కొన్ని నెలలుగా వాయిదా కట్టలేదు. బ్యాంకు వాళ్లు మొదట మర్యాదగా ఫోను చేశారు. తరవాత ఊరికే ఫోను చేశారు. ఈ నెల దాటితే ఇల్లు వేలం వేస్తామన్నారు.

"అమ్మేద్దాం హైమా," అన్నాడు నరహరి భార్యతో. "వాళ్లు తలుపు మీద కాగితం అంటించేలోగా మనమే అమ్ముకుంటే అప్పు తీరిపోతుంది."

"తీరాక?"

"తీరాక నిద్ర పడుతుంది."

హైమవతి "సరే, అమ్మండి," అంది. కానీ కొనేవాడేడీ? ఇంటింటికీ ఇదే బాధ. ఎవరి ఇంట్లో చూసినా ఖరీదైన సోఫా, దాని మీద కూర్చుని వాయిదా గురించి బెంగపడే మనిషి. అయితే ఒకరి బెంగ మరొకరికి చెప్పుకునేవారు కాదు. లిఫ్టులో కలిస్తే, "ఈసారి సెలవులకి ఎక్కడికండీ, సింగపూరా?" అని పలకరించుకునేవారు.

ఆదివారం ఆదివారం ఇళ్లు చూడడానికి జనం వచ్చేవారు. ఈత కొలనూ, పార్కూ చూసి, చివరికి బాల్కనీలకేసి తలెత్తి, "ఏరండీ?" అని అడిగేవారు.

"ఎవరు?"

"ఆ బొమ్మలో వాళ్లు."

ఈ ప్రశ్న అసోసియేషన్ అధ్యక్షులు వరదాచలం గారి చెవిన పడింది. ఆయన ప్రభుత్వంలో డిప్యూటీ డైరెక్టరుగా చేసి దిగినవారు. ఉద్యోగం దిగారు గాని ఆ భాష దిగలేదు. వెంటనే సర్వసభ్య సమావేశం పెట్టారు.

"సభ్యులారా! మన ఆస్తుల విలువ పతనమగుటకు గల మూలకారణమును మీ అధ్యక్షుడు క్షుణ్ణముగా పరిశీలించియున్నాడు. బ్యాంకు వడ్డీ కారణము కాదు. నీటి ఎద్దడి కారణము కాదు. హోర్డింగు మీద ఒక జాతియు, బాల్కనీలలో వేరొక జాతియు కనబడుటయే కారణము!"

నరహరి వెనక వరసలోంచి లేచి, మెల్లిగా అడిగాడు.

"హోర్డింగు మార్చేస్తే సరిపోదా అండీ?"

"హోర్డింగు మార్చుటకు ఖర్చగును. మనుషులు మారుటకు ఖర్చు లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఖర్చు లేని మాట విని అక్కడివాళ్లకు చాలా కాలమైంది. చిత్రసామ్య తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అంటే, బొమ్మలో ఎలా ఉందో స్వర్ణశిఖర అలాగే కనబడి తీరాలి.

మొదట పావెల్‌ని తెచ్చారు. పావెల్ ఏదో చలి దేశం నుంచి కూచిపూడి నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు. మొలకెత్తిన శనగల్లాంటి లేత మనిషి. గురువుగారికి ఫీజు కట్టలేక ఇబ్బంది పడుతున్నాడు. ఆదివారాలు పది నుంచి ఒంటిగంట దాకా కొలను పక్కన గాజు గిన్నెతో నిలబడి నవ్వడం అతని ఉద్యోగం. కొలనులో నీళ్లు ఉండవు కనుక అడుగున నీలం రంగు వేయించారు. పావెల్‌కి తెలుగు కొంచెం వచ్చు. మొదటి రోజే హైమవతిని పక్కకు పిలిచి అడిగాడు.

"అక్కా, ఈ ఆకులో జోకు ఎక్కడ?"

"నాకూ తెలీదు నాయనా. నవ్వెయ్యి, ఫీజుకి పనికొస్తుంది."

అతను బుద్ధిగా నవ్వేవాడు. అయితే ఒక్క పావెల్ ఎన్ని బాల్కనీలకని సరిపోతాడు? ఇంకో నలుగురిని తెద్దామంటే వాళ్లు అడిగిన డబ్బుకి సభ్యులకు చెమటలు పట్టాయి. పైగా ఎండలో నిలబడి నిలబడి పావెల్ కూడా రాగి చెంబులా తయారవుతున్నాడు. "తమ వర్ణమును తాము కాపాడుకొనుట తమ బాధ్యత" అని అతనికి ఒక హెచ్చరిక, ఒక గొడుగు ఇచ్చారు.

అప్పుడు వరదాచలం గారికి ఉపాయం తట్టింది. బయటి నుంచి తెచ్చేకన్నా, ఉన్నవాళ్లలోనే మెరుగైనవాళ్లను ముందుంచి, మిగతావాళ్లను వెనక్కి పంపితే పోలా? కానీ ఎవరు మెరుగో తేల్చేదెవరు? కొట్లాటలొస్తాయి. అందుకని ఏ మనిషి మీదా భారం పడకుండా, గోడలకు రంగులు వేసినప్పుడు పెయింటు కొట్టువాడు ఇచ్చిన షేడు కార్డు తీశారు. ఒకటో నంబరు వెన్న తెలుపు. పదహారో నంబరు రాత్రి మేఘం.

క్లబ్బు హాల్లో బల్ల వేసి, వరసగా అందరి చేతులూ కార్డు పక్కన పెట్టి చూశారు.

"మనము కులము చూడము. మతము చూడము. మనము ఆధునికులము," అన్నారు వరదాచలం గారు. "రంగును కూడా మనము చూడము. కార్డు చూచును."

ఎనిమిది దాకా వచ్చినవాళ్లు ఆదివారాలు మంచి బట్టలు కట్టుకుని బాల్కనీల్లో కనబడాలి. తొమ్మిది నుంచి పైన ఉన్నవాళ్లు ఆ మూడు గంటలూ బేస్‌మెంటులో, కార్ల మధ్య కూర్చోవాలి. హైమవతికి అయిదు వచ్చింది, గోధుమ పిండి. వకుళకు పన్నెండు, చింతపండు. నరహరికి పద్నాలుగు, తడి మట్టి.

"తడి మట్టి మంచిదే నాన్నా, అందులోనే మొక్కలొస్తాయి," అంది వకుళ.

నరహరి వెనకాల వేదుల సోమయాజి గారున్నారు. ఆయనకు పదమూడు వచ్చింది. ఆయన భగ్గుమన్నారు. "మా తాతగారు యజ్ఞాలు చేసిన మనిషి! ఆ పొగకి నలుపొచ్చింది గాని, ఇది మా నలుపు కాదు!"

అప్పీళ్ల కమిటీ గంటసేపు చర్చించి వంశ రాయితీ ప్రకటించింది. పెద్ద వంశం వారికి రెండు షేడ్లు తగ్గింపు. ఆ మాట వినగానే అందరూ బల్ల దగ్గరికి తోసుకొచ్చారు.

"నాకూ వర్తిస్తుందా అండీ?" అని అడిగాడు నరహరి.

"మీ వంశమేమి?"

"మగ్గాలు నేసినవాళ్లమండీ. మార్కండేయ మహర్షి సంతానం అంటారు."

వరదాచలం గారు జాలిగా తల ఊపారు. "అడిగి తెలుసుకొనవలసిన వంశములకు రాయితీ వర్తింపదు."

సోమయాజి గారికి పదమూడు కాస్తా పదకొండు అయింది. పదకొండయినా బేస్‌మెంటే. కానీ ఆయన అక్కడ విడిగా కుర్చీ వేసుకుని కూర్చునే హక్కు సంపాదించారు.

అంతటితో నరహరి ఊరుకునేవాడే. కానీ ముందు హాల్లో, లిఫ్టు ఎదురుగా, అందరూ చందాలు వేసుకుని తెచ్చిన వేణుగోపాలస్వామి విగ్రహం ఉంది. నల్లరాతి విగ్రహం. ప్రతిష్ఠకు డబ్బులు చాలక అలాగే పీట మీద ఉంచి పూజ చేస్తున్నారు. ఇళ్లు చూసే జనం లోపలికి రాగానే మొదట కనబడేది ఆయనే.

"అయ్యా, నాదొక చిన్న సందేహం," అన్నాడు నరహరి. తప్పు పట్టాలని కాదు, నిజంగానే తెలుసుకుందామని. "స్వామివారి షేడు ఎంతండీ?"

హాలంతా ఉలిక్కిపడింది. వరదాచలం గారు తీర్మానం పుస్తకం తిరగేశారు. అందులో దేవుడికి మినహాయింపు రాయలేదు. రాయని మినహాయింపు ఇచ్చే అలవాటు ఆయనకు ఉద్యోగంలోనే లేదు. కార్డు తీసుకెళ్లి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, స్వామివారి చేతి పక్కన పెట్టి చూశారు.

"పదహారు," అన్నారు మెల్లిగా.

తరవాతి ఆదివారం నలుగురు మనుషులు స్వామివారిని పీటతో సహా లిఫ్టులో కిందికి దించారు. నోటీసు బోర్డు మీద "ఏకాంత సేవ" అని రాశారు.

ఏమైతేనేం, బేస్‌మెంటుకి దేవుడొచ్చాడు. దేవుడొచ్చాక నైవేద్యం వచ్చింది. నరహరి పానకం కలిపి తెచ్చాడు. ఒకావిడ పులిహోర తెచ్చింది. సోమయాజి గారు మంత్రం చదివారు. పిల్లలు కార్ల మధ్య దొంగాట ఆడారు. అక్కడ ఎవరూ చూసేవారు లేరు కనుక ధనవంతుల్లా కనబడే పని కూడా లేదు. పైన సింగపూరు గురించి మాట్లాడినవాళ్లే కింద చాపల మీద కూర్చుని, "మీకెన్ని వాయిదాలు ఆగాయండీ?" అని ఒకరినొకరు అడిగి, "మీకూనా!" అని ఊపిరి పీల్చుకునేవారు. పైన బాల్కనీల్లో తెల్లవాళ్లు మాత్రం పట్టుచీరల్లో ఉక్కిరిబిక్కిరవుతూ నిలబడేవారు.

అంతలో నరహరికి బ్రోకరు ఫోను చేశాడు. పెద్ద పార్టీ దొరికిందట. అప్పు లేకుండా మొత్తం ఒకేసారి కడతాడట. ఆదివారం పదకొండు గంటలకు చూడ్డానికి వస్తాడట. నరహరి స్వామికి రెండుసార్లు దణ్ణం పెట్టుకుని, అధ్యక్షుల వారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఈ ఒక్క ఆదివారం నన్ను పైన ఉండనివ్వండి. నా ఇల్లు నేనే చూపించుకోవాలి కదా."

"నియమము నియమమే. అయినను అసోసియేషన్ మిమ్ములను విడనాడదు. చిత్రసామ్యము లేని యజమాని తరఫున అధీకృత నమూనా నివాసి ఇల్లు చూపించును."

"అంటే?"

"పావెల్."

ఆ రాత్రి ఈ మాట విని హైమవతి గరిటె కింద పడేసింది.

"నేనా? ఆ కుర్రాడి పక్కన నిలబడి, ఈయనే మా ఆయన అని చెప్పాలా? సిగ్గులేదూ మీకు!"

"ఆయనంటే ఆయన కాదే. తమ్ముడనుకోవచ్చు. ఎలాగూ అక్కా అంటాడుగా."

"మా అమ్మ వింటే ఏమనుకుంటుంది?"

"ఇల్లు పోతే ఇంకా ఏమనుకుంటుందో ఆలోచించు."

ఆదివారం పొద్దున్నే పావెల్ వచ్చాడు. హైమవతి అతనికి నరహరి పెళ్లినాటి పంచె కట్టబెట్టి, గడప దగ్గర నిలబెట్టింది. అతను గాజు గిన్నె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నరహరి వకుళ చెయ్యి పట్టుకుని బేస్‌మెంటులోకి దిగాడు.

పదకొండయింది. నరహరి చెవులు పైనే ఉన్నాయి. అప్పుడే ర్యాంపు మీద గోలయింది. గేటు దగ్గర కొత్తగా చేరిన సిక్కోలు సెక్యూరిటీ అతను ఒక పెద్దమనిషిని రెక్క పట్టుకుని కిందికి తెస్తున్నాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నిగనిగలాడే నల్లటి మనిషి.

"నాను సెప్తన్నాను కదా బావూ, మీరు పద్నాలుగు పైనుంటారు. ఈ టైములో పైన తిరగరాదు. ఒంటిగంట దాకా ఈడ కూకోండి," అని అప్పజెప్పి వెళ్లిపోయాడు.

కొత్తగా అద్దెకొచ్చిన ఆయన కాబోలు అనుకుని నరహరి జరిగి చాప మీద చోటిచ్చాడు. ఆయన కూర్చుని చుట్టూ చూశాడు.

"ఇదేంది? దేవుడు గూడ ఈడ్నే ఉన్నడు?"

"ఆయనది పదహారండీ," అన్నాడు నరహరి.

"ఏం పదహారు?"

నరహరి సంగతంతా చెప్పాడు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. సోమయాజి గారు లేచొచ్చి జేబులోంచి షేడు కార్డు తీసి ఆయన చేతి పక్కన పెట్టారు.

"పదిహేను. స్వామికి ఒక్క మెట్టు కింద," అన్నారు. ఆ గొంతులో కొంచెం అసూయ కూడా ఉంది.

హైమవతి వండి పంపిన పులిహోర ఆయనకు విస్తట్లో పెట్టారు. తింటూ అడిగాడు.

"నీ ఇల్లు అమ్మకానికున్నదన్నవ్ గద. ఎట్లుంటది?"

"గాలి బాగా వస్తుందండీ. నీళ్లు మాత్రం ట్యాంకరువే. పడకగది గోడ వానాకాలం చెమ్మగిలుతుంది. రెండుసార్లు సున్నం గీకించాను, మళ్లీ వచ్చింది."

"ధర?"

"బోర్డు మీద రాసిన ధర అసోసియేషన్ వారిదండీ. ఆ ధర పెట్టి కొన్నవాడు నాలాగే అవుతాడు. నాకు నా బ్యాంకు అప్పు తీరితే చాలు."

"గిదంతా కొనెటోనికి జెప్తవా?"

"చెప్పాలి కదండీ. స్వామి ఎదురుగా ఉన్నాడు." నరహరి ఒక నిట్టూర్పు విడిచాడు. "కానీ పైన నా బదులు ఇంకొకాయన చూపిస్తున్నాడు. ఆయనకు చెమ్మ అన్న మాట తెలుగులో తెలీదు."

ఆయన విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, పంచె చివర తుడుచుకున్నాడు.

"ఏం ఫికరు లేదు. నాకైతే జెప్పినవ్ గద. నేనే ఆ పార్టీని. నా పేరు కొమురయ్య. ఈ జాగంత మాదే ఉండె, బిల్డరుకు అమ్మినం. మా జొన్నచేను మీద ఇల్లెట్లుంటదో జూద్దామని వచ్చిన."

నరహరికి చెమ్మ సంగతి అయినా దాచాల్సిందేమో అని ఒక్క క్షణం అనిపించి, స్వామివంక చూసి లెంపలేసుకున్నాడు.

"నీ అప్పెంతనో గంతే ఇస్త. బేరం లేదు," అని కొమురయ్య స్వామి పీట మీద బయానా పెట్టాడు.

ఒంటిగంట కావస్తుండగా వరదాచలం గారు కోటుతో సహా కిందికి దిగారు. పార్టీ రాలేదని కేకలేస్తూ వచ్చి, పార్టీ చాప మీద ఉందని తెలిసి నీరుగారిపోయారు. మళ్లీ తేరుకుని, ధర ఎంతని అడిగారు. విని తల అడ్డంగా ఊపారు.

"ఇది అసంభవము. ఈ ధరకు రిజిస్ట్రేషన్ జరిగినచో మనందరి ఆస్తుల విలువయు ఇంతేనని లోకమునకు తెలిసిపోవును. నిరభ్యంతర పత్రము ఇవ్వజాలము. పైగా కొనుగోలుదారు..." అంటూ కొమురయ్య చేతికేసి చూసి, కార్డు కోసం జేబు తడుముకున్నారు.

ఆ పత్రం లేకపోతే అమ్మకం లేదు. అమ్మకం లేకపోతే వేలమే. వకుళ వచ్చి నాన్న వేలు పట్టుకుంది.

కొమురయ్య మాత్రం కదల్లేదు. "ఈయనకు ఇయ్యకుంటే పాయె. ఇంకెవలన్న అమ్ముతరా? మొత్తం ఒక్కసారే కడ్త, బ్యాంకు లేదు, గీంకు లేదు."

అంతలో మెట్ల మీద పట్టుచీరల చప్పుడు. బాల్కనీల్లో ఉండవలసినవాళ్లంతా ఎవరు చెప్పారో ఏమో, కిందికి దిగుతున్నారు. కానీ బేస్‌మెంటులోకి తొమ్మిదికి తక్కువ షేడు వాళ్లు రాకూడదని వాళ్లే చేసిన నియమం. మొదటి వరసలో ఉన్న రెండో నంబరు ఆవిడ పైట చెంగుతో బుగ్గ గట్టిగా తుడుచుకుంది.

"ఇది పౌడరండీ. నేను పుట్టుకతోనే పదకొండు!"

"నేను పన్నెండండీ, పెళ్లి ఫోటోలో కూడా అదే ఉంది!" అన్నాడు ఇంకొకాయన.

"మా ఇల్లు చూడండి పెద్దాయనా, మాది ఆయనకన్నా చవక."

"మాకు చెమ్మ రెండు గోడలకి ఉందండీ, ఇంకా తగ్గిస్తాం!"

ధర అలా మెట్టు మెట్టుగా దిగుతూ ఉంటే, సోమయాజి గారు కుర్చీ వదిలి వచ్చి, "నా రాయితీ వెనక్కి తీసుకోండి, నాకు పదమూడే ఇప్పించండి," అని వరదాచలం గారి కోసం చూశారు. కానీ వరదాచలం గారు ఇందాకటి చోట లేరు. ఆయన కోటు విప్పి కారు మీద పెట్టి, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, కొమురయ్య ముందు నిలబడి ఉన్నారు.

"అయ్యా, నిజం చెప్పాలంటే చిన్నప్పుడు మా అమ్మ నన్ను నల్లోడా అనే పిలిచేదండీ," అన్నారు. మొదటిసారి ఆయన మామూలు తెలుగు మాట్లాడారు. "నాకూ ఏడాదిగా వాయిదాలు ఆగాయి. నా ఇల్లు ఒక్కసారి చూడండి. మూలది. గాలి బాగా వస్తుంది."

"ముందుగాల ఈయనకు మాటిచ్చిన. ఈయన కాగితం మీద సంతకం పెట్టు. నీది జూస్తనా లేదా, తర్వాత సంగతి."

వరదాచలం గారు పెన్ను తీసి, కారు బానెట్టు మీదనే నిరభ్యంతర పత్రం రాసి, సంతకం పెట్టి, రబ్బరు స్టాంపు లేదని క్షమాపణ చెప్పుకున్నారు.

నరహరి ఆ కాగితం స్వామి పాదాల దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుని, కూతురితో మెట్లెక్కాడు. లిఫ్టు కోసం ఆగాలనిపించలేదు. వాళ్ల గడపలో పావెల్ ఇంకా గిన్నె పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. అతనికి ఒంటిగంట దాటిందని ఎవరూ చెప్పలేదు.

"చాల్లే నాయనా, కూర్చో. దవడలు నొప్పి పుడతాయి," అని హైమవతి అతని చేతిలో గిన్నె తీసుకుంది. మొగుడి మొహం చూసి ఆగిపోయింది. "ఎవరూ రాలేదండీ. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు."

"వచ్చాడు. అమ్మేశాను."

ఆవిడ గోడకు ఆనుకుంది. "ఎంతకి?"

"అప్పు తీరేంతకి."

"అంతేనా? మనకేం మిగుల్తుందండీ?"

నరహరి చెప్పులు విడిచి, వకుళను ముందుగా బాల్కనీలోకి పంపాడు.

"ఆదివారం మిగుల్తుంది," అన్నాడు.